అన్నయ్యా, నా ఫోన్లో ఎవరో ఉన్నారు

ప్రతి వారం ఈ కాలమ్‌లో యాప్‌లు, ఫోన్లు, సెట్టింగుల గురించి రాస్తుంటాను. ఈ వారం కూడా ఫోన్‌తోనే మొదలుపెడతా. కానీ కొంచెం దూరం వెళ్లాల్సి వస్తుంది. ఓపిగ్గా చదవండి.

పోయినేడాది వానాకాలం. రాత్రి ఒకటిన్నరకి మా చెల్లి నుంచి వాట్సాప్‌లో మెసేజ్. చెల్లి అంటే మా పిన్ని కూతురు. గుంటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. "అన్నయ్యా, నా ఫోన్లో ఎవరో ఉన్నారు. నేను మాట్లాడేవన్నీ వింటున్నారు" అని పెట్టింది.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాడికి ఇలాంటివి కొత్త కాదు. చుట్టాల్లో ఎవరి ఫోన్ వేడెక్కినా, ఎవరికి ఓటీపీ రాకపోయినా నాకే చెప్తారు. లింక్డ్ డివైజెస్‌లో ఏమైనా ఉందేమో చూడమన్నా. పాస్‌వర్డ్ మార్చమన్నా. మెసేజ్‌లు ఆగలేదు. తెల్లారేసరికి నలభై దాటాయి. "రూమ్మేట్ మొహం మారిపోయింది, అది తను కాదు" అని ఒకటి. "నేను మనసులో అనుకునేది కూడా వాళ్లకి వినపడుతోంది" అని ఇంకొకటి.

నేనేం చేశానో తెలుసా? ఫ్యాక్టరీ రీసెట్ ఎలా చేయాలో స్క్రీన్‌షాట్లు పంపించి, చాట్ మ్యూట్ చేసి పడుకున్నా. ఆ వారం ఆఫీసులో రిలీజ్ ఉంది.

ఆ మ్యూట్ సంగతి చెల్లికి ఈ మధ్యే చెప్పాను. ఈ కథ రాయమన్నది కూడా తనే. పేరు మాత్రం పెట్టొద్దంది.

ఇరవై రెండు రోజులు

మూడో రోజు హాస్టల్ వార్డెన్ పిన్నికి ఫోన్ చేసింది. పిల్ల నిద్రపోవట్లేదు, ఒక్కటే మాట్లాడుతోంది, వచ్చి తీసుకెళ్లండి అని. అంతకు ముందు వారం చెల్లికి జ్వరం, తలనొప్పి వచ్చి తగ్గాయి. అదేమంత పెద్ద విషయమని అప్పుడెవరూ అనుకోలేదు.

ఇంటికొచ్చాక తలొక మాట. "గాలి సోకిందే, ఏ చింతచెట్టు కింద నుంచో వచ్చుంటది" అంది నాయనమ్మ. "ప్రేమా గీమా ఏమైనా ఉందేమో కనుక్కోండి" అన్నారు పక్కింటివాళ్లు. బాబాయి చదువు ఒత్తిడి అనుకున్నాడు. పక్క ఊళ్లో తాయెత్తు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. నిమ్మకాయలు, వేపమండలు, ఐదు రోజులు. నేను హైదరాబాద్ నుంచి ఫోన్లో "ఇవన్నీ ఏంటి పిన్నీ, డాక్టర్‌కి చూపించండి" అని విసుక్కున్నానే తప్ప కదల్లేదు. కాబట్టి నాయనమ్మని వెక్కిరించే అర్హత నాకు లేదు. ఆవిడ దెయ్యం అనుకుంది, నేను హ్యాకర్ అనుకున్నా.

పదో రోజు చెల్లికి ఫిట్స్ వచ్చాయి. టౌన్లో ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఎంఆర్ఐ తీశారు, నార్మల్. స్కాన్ బాగుంది కాబట్టి మానసికమేనని మందులు మొదలుపెట్టారు. రెండు రోజులకే ఒళ్లు కర్రలా బిగుసుకుపోయింది. మాట తగ్గిపోయింది. మనం అన్న మాటనే తిరిగి అనేది. ఏమీ తినకుండానే నోరు నములుతున్నట్టు కదిలేది. అదే ఆసుపత్రికి వారానికోసారి వచ్చే సైకియాట్రిస్ట్ మేడమ్ ఆ నోటి కదలికని పది నిమిషాలు అలాగే చూశారట. బాబాయిని బయటికి పిలిచి, "ఇది మనసు జబ్బులా కనపడుతున్న మెదడు జబ్బు కావచ్చండీ. ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్ట్ ఉన్నచోటికి తీసుకెళ్లండి. వెన్నులో నీరు తీసి ఒక పరీక్ష చేయించండి" అని చీటీ రాసిచ్చారు.

హైదరాబాద్ తీసుకొచ్చారు. అక్కడ ఈఈజీలో తేడా కనిపించింది. వెన్నులో నీరు తీయాలి అనేసరికి బాబాయి అడ్డం తిరిగాడు. "నడుంలో సూది వేస్తే కాళ్లు పడిపోతాయంట. పెళ్లి కావాల్సిన పిల్ల." నిజం చెప్పాలంటే నాకూ భయమేసింది. రాత్రంతా గూగుల్ చేశా. పొద్దున్నే డాక్టర్ గారు ఒక కాగితం మీద వెన్నెముక బొమ్మ వేసి చూపించారు. వెన్నుపాము నడుము పైభాగంలోనే అయిపోతుంది. సూది దాచేది దాని కంటే కింద, ఉత్త నీరు, నరాల పోగులు మాత్రమే ఉండే చోట. తర్వాత కొందరికి రెండు మూడు రోజులు తలనొప్పి ఉండొచ్చు. అంతకు మించి భయపడాల్సింది అరుదు. బాబాయి సంతకం పెట్టాడు. మొదటి మెసేజ్ వచ్చిన రాత్రి నుంచి లెక్కేస్తే అది ఇరవై రెండో రోజు.

రిపోర్ట్‌లో ఉన్న పేరు నోరు తిరగదు. యాంటీ ఎన్ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్. ఎన్‌సెఫలైటిస్ అంటే మెదడువాపు. మెదడువాపు అనగానే మనకి దోమలు, పిల్లలకి వేసే టీకాలు గుర్తొస్తాయి. ఇక్కడ దోమ లేదు, వైరస్ లేదు. చెల్లి మెదడు మీద దాడి చేస్తున్నది చెల్లి సొంత రోగనిరోధక వ్యవస్థ.

మెదడుకి కాపలా ఎవరు?

ఆ తర్వాతి రోజుల్లో ఐసీయూ బయట కూర్చుని నేను అర్థం చేసుకున్నది మీకు చెప్తా.

ఒంట్లో ఏ క్రిమి దూరినా పట్టుకునేవి రోగనిరోధక కణాలు. వీటిలో టి కణాలు ఉంటాయి. ఇవి శత్రువుని గుర్తుపట్టి చంపడం, మిగతావాటికి ఆర్డర్లు ఇవ్వడం చేస్తాయి. బి కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. యాంటీబాడీ అంటే ఒక్క తాళానికే సరిపోయే తాళంచెవి లాంటిది. ఏ ప్రోటీన్ కోసం తయారైందో దానికే వెళ్లి అతుక్కుంటుంది.

మెదడు సంగతి కొంచెం వేరు. రక్తనాళాల గోడలు మెదడులో మహా బిగుతుగా ఉంటాయి. రక్తంలో తిరిగేవన్నీ లోపలికి రాకుండా అదొక చెక్‌పోస్ట్. లోపల కాపలాకి సొంత కణాలున్నాయి. వాటి పేరు మైక్రోగ్లియా. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పీయో దెల్ రీయో ఒర్తేగా వీటిని విడిగా గుర్తించి ఆ పేరు పెట్టాడు. మనం తల్లి కడుపులో కొన్ని వారాల పిండంగా ఉన్నప్పుడే ఇవి వచ్చి మెదడులో స్థిరపడిపోతాయి. ఊరికే కూర్చునే రకం కాదు. 2005లో బతికున్న ఎలుకల మెదడుని ప్రత్యేక మైక్రోస్కోప్‌తో చూసినప్పుడు, ఏ దెబ్బా తగలకపోయినా మైక్రోగ్లియా తమ సన్నటి చేతులు చాచి చుట్టుపక్కలంతా తడుముతూనే ఉన్నాయి. చెత్త ఎత్తడం, చచ్చిన కణాల్ని తినేయడం, అక్కర్లేని నాడీ కనెక్షన్లు కత్తిరించడం అన్నీ వీటి పనే.

చాలా కాలం మెదడుకీ బయటి రోగనిరోధక వ్యవస్థకీ సంబంధం లేదనే చెప్పుకున్నారు. అది పూర్తి నిజం కాదు. మెదడుని కప్పి ఉంచే పొరల్లో లింఫ్ నాళాలు పనిచేస్తున్నాయని 2015లో అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు, ఫిన్లాండ్‌లో హెల్సింకీ వాళ్లు ఎలుకల్లో విడివిడిగా చూపించారు. అంటే మెదడులో ఏముందో మెడ దగ్గరున్న లింఫ్ గ్రంథులకి కబురు వెళ్తూనే ఉంటుంది. అక్కడి నుంచి కణాలు ఇటు రాగలవు కూడా. మామూలుగా ఇది మంచికే. వైరస్ మెదడులోకి దూరితే సాయం రావాలి కదా.

గురి తప్పితే

2024 జులై 19, శుక్రవారం గుర్తుందా? ప్రపంచమంతా ఆఫీసుల్లో కంప్యూటర్లు ఒకేసారి నీలం తెరలు పెట్టేశాయి. దాదాపు 85 లక్షల కంప్యూటర్లు. విమానాలు ఆగిపోయాయి. మన హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో వైరల్ అయింది. అది వైరస్ పని కాదు. వైరస్‌ల నుంచి కాపాడే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పు అప్‌డేట్. కాపలా సాఫ్ట్‌వేర్‌కి సిస్టమ్ లోపలి దాకా వెళ్లే అనుమతి ఉంటుంది. అందుకే అది తప్పు చేస్తే మామూలు యాప్ క్రాష్ అయినట్టు ఉండదు. చెల్లి జబ్బు నాకు మొదట అర్థమైంది ఈ లెక్కలోనే.

చెల్లికి కడుపు స్కాన్ చేస్తే అండాశయంలో చిన్న గడ్డ కనిపించింది. దాన్ని టెరటోమా అంటారు. చాలావరకు క్యాన్సర్ కాదు. కానీ విచిత్రమైన గడ్డ. అందులో వెంట్రుకలు, పళ్లు, ఒక్కోసారి మెదడులో ఉండేలాంటి నాడీ కణజాలం కూడా పెరుగుతాయి. ఆ కణజాలం మీద ఎన్ఎండీఏ రిసెప్టర్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఉండకూడని చోట కనపడిన ఆ ప్రోటీన్‌ని రోగనిరోధక కణాలు శత్రువు అనుకున్నాయి. టి కణాలు సాయం చేశాయి, బి కణాలు యాంటీబాడీలు తయారుచేశాయి. ఆ బి కణాల్లో కొన్ని మెదడు వైపు చేరి అక్కడే యాంటీబాడీలు వదలడం మొదలుపెట్టాయి. రక్తపరీక్ష కంటే వెన్నులో నీటి పరీక్షకి విలువ ఎక్కువ ఉన్నది అందుకే. రక్తంలో దొరకని యాంటీబాడీ ఆ నీటిలో దొరకొచ్చు.

ఎన్ఎండీఏ రిసెప్టర్ అసలు ఉండేది మెదడులో, నాడీకణాలు మాట్లాడుకునే చోట. నేర్చుకోవడానికి, గుర్తుపెట్టుకోవడానికి అది కావాలి. యాంటీబాడీలు వచ్చి రెండేసి రిసెప్టర్లని జత కట్టేసి పట్టుకుంటే, కణం వాటిని ఉపరితలం నుంచి లోపలికి లాగేసుకుంటుంది. రిసెప్టర్లు తగ్గిపోతాయి. కెటమిన్ అనే మత్తుమందు ఆపేది కూడా ఈ రిసెప్టర్‌నే. దాని ప్రభావంలో ఉన్నవాళ్లకి లేనివి కనపడతాయి, ఒళ్లు తనది కానట్టు అనిపిస్తుంది. మా చెల్లికి ఏ మత్తూ లేకుండా పగలూ రాత్రీ అదే పరిస్థితి.

ఇందులో ఒక మంచి మాట ఉంది. డాక్టర్ గారు అది చెప్పినప్పుడు పిన్ని మొదటిసారి ఏడుపు ఆపింది. రిసెప్టర్లు లోపలికి వెళ్లిపోతాయి కానీ నాడీకణం చచ్చిపోదు. యాంటీబాడీలు పోతే రిసెప్టర్లు మళ్లీ పైకొస్తాయి.

గడియారం బొమ్మ, తెల్ల ఎలుగుబంటి

ఈ జబ్బుకి పేరు వచ్చింది 2007లో. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో జోసెప్ దల్మావ్ బృందం 12 మంది మహిళల కేసులు ప్రచురించింది. అందరికీ టెరటోమాలే, అందరిలో ఒకటే యాంటీబాడీ. అంతకుముందు ఈ జబ్బు లేదని కాదు. పేరు లేదు, పరీక్ష లేదు. ఎంతమందిని పిచ్చి అని, దెయ్యం అని మూల గదుల్లో పెట్టేశారో ఊహించుకోండి.

2009లో న్యూయార్క్ పోస్ట్ విలేకరి సుసానా కహలన్‌కి 24 ఏళ్ల వయసులో ఇదే వచ్చింది. పరీక్షలన్నీ నార్మల్ అంటుంటే, సుహేల్ నజ్జర్ అనే డాక్టర్ ఆమెకి కాగితం ఇచ్చి గడియారం బొమ్మ వేయమన్నాడు. ఆమె పన్నెండు అంకెలూ కుడి సగంలోనే ఇరికించేసింది. మెదడులో ఒక పక్క పని చేయట్లేదని, సమస్య మెదడు వాపుదని ఆయనకి అక్కడ తెలిసింది. ఆమె కోలుకుని రాసిన 'బ్రెయిన్ ఆన్ ఫైర్' తర్వాత సినిమాగా కూడా వచ్చింది.

ఇంకో పేషెంట్ పేరు వింటే ఆశ్చర్యపోతారు. బెర్లిన్ జూలో నూట్ అనే తెల్ల ఎలుగుబంటి. ప్రపంచమంతా ముద్దు చేసిన పిల్ల. 2011 మార్చిలో జనం చూస్తుండగానే మూర్ఛ వచ్చి నీళ్లలో పడి చనిపోయింది. నాలుగేళ్ల తర్వాత, దాచి ఉంచిన నమూనాలు పరీక్షిస్తే తేలింది ఇదే జబ్బు. జంతువుల్లో దొరికిన మొదటి కేసు అది.

అరుదైన జబ్బే. కానీ మనం అనుకున్నంత కాదు. కాలిఫోర్నియాలో మెదడువాపు కేసుల మీద నడిచిన ఒక ప్రాజెక్టు 2012లో చెప్పిన లెక్క చూడండి. వాళ్లు గుర్తించిన 30 ఏళ్లలోపు 79 మందిలో 32 మందికి ఉన్నది ఈ జబ్బే. హెర్పిస్ లాంటి ఏ ఒక్క వైరస్ కేసులూ అన్ని లేవు. 2013లో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో 577 మంది పేషెంట్లు. వాళ్ల మధ్యస్థ వయసు 21. పది మందిలో ఎనిమిది మంది ఆడవాళ్లు. గడ్డ దొరికింది పది మందిలో దాదాపు నలుగురికే. అంటే గడ్డ లేకుండా కూడా వస్తుంది, మగవాళ్లకీ వస్తుంది, చిన్నపిల్లలకీ వస్తుంది. హెర్పిస్ మెదడువాపు తగ్గాక కొందరికి ఇది మొదలవుతుంది.

కాపలాని ఎంత వరకు ఆపాలి?

వైద్యం వినడానికి సింపుల్. గడ్డ ఉంటే తీసేయాలి. స్టెరాయిడ్లతో రోగనిరోధక కణాల జోరు తగ్గించాలి. దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు ఎక్కించడమో, ప్లాస్మా మార్చడమో చేసి చెడ్డ యాంటీబాడీల బలం తగ్గించాలి. దారికి రాకపోతే రిటక్సిమాబ్ లాంటి మందు. అది బి కణాల్ని వెతికి తుడిచిపెడుతుంది.

ఇంట్లో మాత్రం సింపుల్‌గా ఏదీ జరగలేదు. అండాశయానికి ఆపరేషన్ అనగానే పిన్ని నా చెయ్యి పట్టుకుని, "ఈ మాట ఊళ్లో ఎవరికీ తెలియకూడదురా. రేపు సంబంధాలు రావు" అంది. పిల్ల బతుకుతుందో లేదో తెలియని రోజు ఆ మాట అంది. నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే పిన్ని తప్పేం లేదు, మా ఊళ్లు అలాంటివి. డాక్టర్లు అండాశయాన్ని ఉంచి గడ్డ ఒక్కటే తీశారు. మందుల ఖర్చు లక్షల్లోకి వెళ్లింది. బాబాయి అరెకరం తాకట్టు పెట్టాడు.

రోగనిరోధక కణాలే సమస్య అయితే వాటిని పూర్తిగా ఆపేస్తే పోదా అని నేను డాక్టర్ గారిని అడిగా. ఆయన వేరే జబ్బు కథ చెప్పారు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో టి కణాలు, బి కణాలు మెదడులోకి వచ్చి నరాల మీద ఉండే తొడుగుని పాడుచేస్తాయి. వైర్ మీద ఇన్సులేషన్ ఊడిపోయినట్టు. ఆ కణాలు మెదడులోకి రాకుండా గేటు దగ్గరే ఆపే నటాలిజుమాబ్ అనే మందుకి 2004 నవంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. బాగా పనిచేసింది. కానీ 2005 ఫిబ్రవరిలో దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మనలో చాలామంది ఒంట్లో ఏ హానీ చేయకుండా పడి ఉండే జేసీ అనే వైరస్, కాపలా లేని మెదడులో చెలరేగిపోయి కొందరి ప్రాణం మీదికి తెచ్చింది. 2006లో కఠినమైన షరతులతో ఆ మందు మళ్లీ వచ్చింది. గేటు మూస్తే దొంగతో పాటు పోలీసు కూడా బయటే ఆగిపోతాడు.

మైక్రోగ్లియా విషయంలోనూ ఇంతే. అల్జీమర్స్‌లో ఇవి రెచ్చిపోయి వాపు పెంచుతాయని అంటారు. అదే సమయంలో ఇవి సరిగా పని చేయకపోయినా ముప్పే. ట్రెమ్2 అనే జన్యువు మెదడులో పనిచేసేది మైక్రోగ్లియాలో. అందులో ఒక అరుదైన మార్పు ఉన్నవాళ్లకి అల్జీమర్స్ వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2013లో ఐస్‌లాండ్ పరిశోధకులు చెప్పారు. మెదడు వాపు జబ్బుల్లో డాక్టర్ల కష్టమంతా ఇక్కడే ఉంది. ఏ కణాన్ని ఆపాలి, ఎంత ఆపాలి, ఎన్నాళ్లు ఆపాలి?

కోవిడ్ తర్వాత మనకి ఇమ్యూనిటీ పెంచుకోవడం ఒక పిచ్చి అయింది కదా. కషాయాలు, గమ్మీలు, పౌడర్లు. చెల్లి ఐసీయూలో ఉన్నప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో ఎవరో "ఇమ్యూనిటీ బూస్టర్ పట్టించండి" అని వీడియో పెట్టారు. పాపం మంచి మనసుతోనే. మేం అప్పుడు లక్షలు పెట్టి ఆ ఇమ్యూనిటీనే తగ్గిస్తున్నాం. "మెదడు వాపు తగ్గించే ఐదు ఆహారాలు" అనే రీల్స్ కూడా అంతే. పసుపు పాలు తాగండి, కాదనను. ఇలాంటి జబ్బుని అవి ఆపలేవు.

మీకు ఎప్పుడు అనుమానం రావాలి?

ఒక మాట ముందే చెప్పాలి. డిప్రెషన్, స్కిజోఫ్రీనియా, బైపోలార్ ఉన్నవాళ్లలో చాలా ఎక్కువమందికి ఉన్నవి ఆ జబ్బులే, ఇది కాదు. ఈ వ్యాసం చదివి ఎవరూ మందులు మానేయకండి. మా చెల్లిని కాపాడింది కూడా ఒక సైకియాట్రిస్టే.

కానీ అంతవరకు బాగున్న మనిషి రోజుల్లో, వారాల్లో పూర్తిగా మారిపోతే ఆలోచించండి. ముందు వారం జ్వరం, తలనొప్పి వచ్చాయా? అసలు నిద్ర లేదా? ఫిట్స్ వచ్చాయా? మాట తగ్గిపోయిందా, అన్న మాటే అంటున్నారా? నోరు, మొహం, చేతులు వాటంతట అవే కదులుతున్నాయా? నిన్నటి విషయం గుర్తులేదా? బీపీ, గుండె వేగం కారణం లేకుండా పెరిగి తగ్గుతున్నాయా? మానసిక జబ్బు మందు కొంచెం ఇవ్వగానే ఒళ్లు బిగుసుకుందా? ఇలాంటివి రెండు మూడు కలిసి ఉంటే, "ఆటోఇమ్యూన్ మెదడువాపు ఏమైనా అయ్యుంటుందా డాక్టర్ గారూ, న్యూరాలజిస్ట్‌కి చూపించమంటారా?" అని ఒక్క మాట అడగండి. ఎంఆర్ఐ నార్మల్ వచ్చిందని ఆగిపోకండి. ఈ జబ్బులో చాలామందికి నార్మలే వస్తుంది. వెన్నులో నీరు తీయాలంటే భయపడి రోజులు పోగొట్టుకోకండి.

ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే, ఆ 577 మంది అధ్యయనంలో రెండేళ్ల పాటు చూసినవాళ్లలో 81 శాతం మంది తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చారు. బాగా కోలుకున్నవాళ్లలో కనిపించిన రెండు విషయాలు ఏంటంటే, వైద్యం త్వరగా మొదలవడం, ఐసీయూ దాకా వెళ్లకపోవడం. మా చెల్లి ఐసీయూలో తొమ్మిది రోజులుంది. ఆ ఇరవై రెండు రోజుల్లో ఒక వారం తగ్గి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. కానీ మొదటి మూడు రోజులు నా ఖాతాలోవే.

ఇప్పుడు

చెల్లి ఈ ఏడాది మళ్లీ కాలేజీకి వెళ్తోంది. ఒక సంవత్సరం పోయింది. లెక్కలు చేసేటప్పుడు ఇంకా మెల్లగా ఉంటుంది. కొత్తవాళ్ల పేర్లు గుర్తుండవని తిట్టుకుంటుంది. కోలుకోవడం ఏడాదిన్నర దాకా సాగుతుందని డాక్టర్లు చెప్పారు. రెండేళ్లలో తిరగబెట్టే అవకాశం వందలో పన్నెండు మందికి ఉంటుంది కాబట్టి చెకప్‌లు ఆపలేదు. నాయనమ్మ కట్టిన తాయెత్తు ఇంకా చేతికి ఉంది. ఉండనీ, టాబ్లెట్లు మానకపోతే చాలన్నా.

ఆ నెలా నెలన్నర తనకి అస్సలు గుర్తులేదు. ఫోన్లో కూడా ఏమీ లేదు, నేను రీసెట్ చేయించాను కదా. మెసేజ్‌లన్నీ నా ఫోన్లోనే ఉన్నాయి. దసరాకి ఇంటికెళ్లినప్పుడు చూపించమని అడిగింది. వద్దన్నా వినలేదు. మంచం మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివింది. చదవడం అయ్యాక ఫోన్ నా చేతికిచ్చి, "పాపం ఆ పిల్ల ఎంత భయపడిందో కదా అన్నయ్యా" అంది. వేరే ఎవరి గురించో చెప్తున్నట్టు.

కాసేపాగి, "నువ్వు రిప్లై ఇచ్చింది మూడింటికే" అంది.

అప్పుడు చెప్పాను మ్యూట్ సంగతి. ఏమీ అనలేదు. "ఇది రాయి. నీ కాలమ్‌లో రాయి. ఇంకెవరైనా అన్నయ్య చదువుతాడు" అంది.

అందుకే రాశాను. మీకూ ఏ అర్ధరాత్రో అలాంటి మెసేజ్ వస్తే, పాస్‌వర్డ్ సంగతి తర్వాత చూడొచ్చు. ముందు ఫోన్ చేసి మాట్లాడండి. ఎన్ని రోజుల నుంచి నిద్రపోలేదో అడగండి.

వచ్చే వారం మళ్లీ మన సెట్టింగుల దగ్గర కలుద్దాం.